రోడ్డు మీద వడ్లు, లైన్‌లో ఒక ఖాళీ

మిత్రులారా, ఈ పోస్టు ఎరువుల మోతాదు గురించి కాదు, బత్తాయి ధర గురించి కాదు. వరి గురించి కొంత ఉంది, కానీ మీరు అనుకునే తీరుగ కాదు. జర పెద్దగానే ఉంటది. సగం చదివి నన్ను తిట్టాలనిపిస్తే, మొత్తం చదివి తిట్టండి. ఎందుకంటే ఇందులో నేను తిట్టింది ముందు నన్నే.

మొన్న ఆదివారం పొద్దుగాల మూడున్నరకు బండి తీశాను. మా చిన్నోడు దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాడు. కొత్త బియ్యం అరబస్తా, కందిపప్పు, వాళ్ళమ్మ పెట్టిన పచ్చడి సీసా, ఇవన్నీ స్ప్లెండర్ వెనకాల కట్టుకొని సాగర్ రోడ్డు పట్టాను. ఎండ ఎక్కకముందే ఇచ్చేసి తిరిగి రావాలి, ఎందుకంటే వడ్లు ఆరబోసి ఉన్నాయి, పది గంటలకల్లా తిరగెయ్యాలి.

సాగర్ రింగ్ రోడ్డు దాటి ఎల్బీనగర్ చౌరస్తాకు వచ్చేసరికి ఐదుంబావు అయింది. ఆ టైంలో చౌరస్తా చూసినోళ్ళకు తెలుసు. అండర్‌పాస్‌లు, ఫ్లైఓవర్లు వచ్చినాక పగలు కూడా పాత లొల్లి కొంత తగ్గింది కానీ, పొద్దుగాల మాత్రం వేరే ఊరులాగా ఉంటది. కూరగాయల ఆటోలు, విజయవాడ వైపు నుంచి వచ్చిన బస్సులు, బస్సు దిగి కండ్లు నలుపుకుంటూ ఆటో కోసం చూసే జనం. టీ తాగుదామని బండి ఆపాను. అక్కడ రోడ్డు పక్కన ముప్పై నలభై పెద్ద బండ్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి.

ఈ బండ్ల గురించి నా అభిప్రాయం ఇంతకుముందు ఇదే పేజీలో రాశాను, కొందరికి గుర్తుండే ఉంటది. ఆదివారం వచ్చిందంటే సాగర్ రోడ్డు మీద ఒకటే మోత, మా బర్రెలు బెదిరి కంచె ఇరగదొక్కుతాయి, తిండికి కొదవ లేని పిల్లలు పెట్రోలు తగలబెట్టుకునే ఆట అని. ఆ రోజు రాసిన మాటల్లో మోత సంగతి ఇప్పటికీ నిజమే. మిగతాది వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ పొద్దు ఒక్క బండి కూడా మోగడం లేదు. ప్రతి బండి అద్దానికీ నల్లగుడ్డ పీలిక కట్టి ఉంది. ఒక బండి హెడ్‌లైట్ మీద ఫొటో, దానికి చిన్న బంతిపూల దండ. ఫొటోలో ఉన్న పిల్లగానికి మావోడి వయసే ఉంటది. టీ గ్లాసు పట్టుకొని నిలబడ్డ ఒకతన్ని అడిగాను.

"ఏమైంది తమ్మీ?"

"మావోడు పోయిండు అంకుల్. ఇయ్యాల్టికి నెల."

"అయ్యో. ఎట్ల?"

అతను వెంటనే చెప్పలేదు. నా బండి వెనక బస్తా చూశాడు. "ఏ ఊరు అంకుల్ మీది?" అన్నాడు. చెప్పాను. కాసేపు ఆగి, "మీ వైపే. సాగర్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక ఊరి రోడ్డు. రాత్రి ఎనిమిదైంది. వడ్ల కుప్ప మీద నల్ల పట్టా కప్పిర్రు, చుట్టూ రాళ్ళు పెట్టిర్రు. కనపడలే" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా ఏదో ఒక మాట అనేవాణ్ణి. "మీరు స్పీడ్‌గ పోతరు గదా" అని ఒక మాట నోటిదాకా వచ్చింది కూడా. అన్నా, వడ్లు రోడ్డు మీద ఎందుకు పోస్తరు అని కూడా అతను అడగలేదు. టీకి నా డబ్బులు కూడా అతనే ఇచ్చాడు.

ఆ మాట వింటున్నప్పుడు నా వడ్లు రోడ్డు మీదే ఉన్నాయి మిత్రులారా. రాత్రి కుప్ప చేసి, నల్ల పట్టా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్ళు పెట్టి వచ్చాను.

పట్నంలో ఉండి ఈ పేజీ చదివేవాళ్ళ కోసం ముందు మన బాధ చెప్పాలి, తర్వాత మన తప్పు చెప్తాను. హార్వెస్టర్‌తో కోసిన వరి పచ్చిగా వస్తుంది. వెనకటి లెక్క కోసి, మెదలు ఆరబెట్టి, కుప్ప వేసి, తీరికగా నూర్చే రోజులు పోయాయి. కొనుగోలు సెంటర్‌లో తేమ 17 శాతం దాటొద్దు. దాటితే మిషన్ పెట్టి చూసి పక్కకు పెడతారు. ఆరబెట్టడానికి జాగా కావాలి. పొలంలో తడి, ఇంటిముందు మూరెడు వాకిలి. ఊరికి ఒక సెంటర్ ఉంటే అక్కడ అప్పటికే నలభై కుప్పలు. ఇగ మిగిలింది రోడ్డే. తారు వేడికి రెండు రోజుల్లో ఆరిపోతాయి, మట్టి అంటదు, ఊడ్చుకోవడం తేలిక.

కల్లాలు కట్టిస్తామన్న మాట కూడా మీకు గుర్తుండే ఉంటది. ఉపాధి హామీ పైసలతో పొలాల దగ్గర సిమెంటు కల్లాలు కట్టారు. దానికి ఆ పైసలు వాడొద్దని, 151 కోట్లు వెనక్కి కట్టమని కేంద్రం అన్నది. 2022 డిసెంబర్‌లో దాని మీద జిల్లాల్లో ధర్నాలు కూడా జరిగాయి. చేపలు ఆరబెట్టుకునే కల్లాలకు లేని అడ్డం వడ్ల కల్లాలకు ఏంది అని అప్పుడు రాష్ట్రం వాళ్ళు అడిగారు. ఎవరిది ఒప్పు అని నేను ఇప్పుడు పంచాయితీ పెట్టను. నా పొలంలో కల్లం లేదు, అది మాత్రం నిజం.

ఇదంతా పగటి సంగతి. పగలు రోడ్డు మీద సగం దాకా వడ్లు పోసినా మనిషి కాపలా ఉంటాడు, వచ్చేవానికి కనపడుతుంది. రాత్రికి ఏం కారణం చెప్తాం? రాత్రి వడ్లు ఆరవు కదా. పొద్దుమూకినాక అవి రోడ్డు మీద ఉండేది మన బద్ధకం వల్ల, ఎత్తి పోసి మళ్ళీ పొద్దున దింపే కూలి మిగిలిద్దామని. నేను ఆ రాత్రి రాళ్ళు పెట్టింది అందుకే. ఇంకో కారణం నా దగ్గర లేదు.

కుప్ప మనిషిని ఎట్ల చంపుతుందో ఎప్పుడన్నా ఆలోచించారా? నేను ఆలోచించలేదు. యాభై స్పీడులో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు పోతుంది. తారు నలుపు, పట్టా నలుపు. ఎదురుగా వచ్చే లారీ లైటు కండ్లలో పడితే ఆ రెండు మూడు సెకన్లు ముందున్నది ఏదీ కనపడదు. కుప్ప మెత్తగా ఉంటది కదా అనుకుంటాం. మెత్తది కాదు, యాభై అరవై బస్తాలు ఒక్కచోట ఉంటే అది గోడ. దానికంటే ముందు రాయి తగులుతుంది. ఒకవేళ కుప్ప తప్పించుకున్నా, పక్కన చెదిరిన గింజలు టైరు కింద గోలీల లెక్క జారుతాయి. మనం రాయి పెట్టేది పట్టా లేవకుండా ఉండాలని. మరి పెట్టిన రాయిని పొద్దున తీస్తామా? వడ్లు ఎత్తుకొని రాళ్ళు అక్కడే వదిలేసి పోయినోళ్ళు మా ఊళ్ళో ఎంతమందో నాకు తెలుసు. మీ ఊళ్ళో కూడా ఉంటారు.

"వాళ్ళు నూరు స్పీడులో వస్తే మనమేం చేస్తాం" అనేవాళ్ళకు ఒక మాట. మా ఊళ్ళో పాలు పోసే కాక ఒకాయన ఉన్నాడు. టీవీఎస్ ఎక్సెల్, అటొక క్యాను ఇటొక క్యాను. ఆ బండి ముప్పై దాటదు. పోయిన యాసంగిలో వడ్ల మీద జారి తుంటి ఇరిగింది. మూడు నెలలు మంచం. ఆ వడ్లు ఎవరివో ఊరందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. ఆయన కూడా అడగలేదు, ఎందుకంటే ఆయన వడ్లు కూడా రోడ్డు మీదే పోస్తాడు.

పోలీసోళ్ళు ప్రతి సీజన్‌లో చెప్తూనే ఉన్నారు, కేసులు పెడుతున్నారు. మనం సర్పంచ్‌ను తీసుకొని పోయి మాట్లాడుకొని వస్తున్నాం.

మళ్ళీ ఎల్బీనగర్ దగ్గరికి వస్తాను. ఐదున్నరకు వాళ్ళు బయలుదేరారు. నేను హాస్టల్‌కు పోవాల్సింది, కానీ అక్కడే నిలబడి చూశాను. ముందు ఒక బండి. దాని పక్కన ఒక బండి పట్టేంత ఖాళీ. ఆ తర్వాత మిగతావాళ్ళు ఒకరు ఎడమకు, ఒకరు కుడికి, పలుగు లెక్క కాకుండా నాటు వరుసల్లో మొక్కలు ఎడం ఎడంగా ఉన్నట్టు. ఆ ముందు ఖాళీలోకి ఎవరూ రాలేదు. నేను మొదట ఎవరో ఆలస్యమయ్యారేమో అనుకున్నాను. టీ కొట్టతను చెప్పాడు, "అది పోయినాయనది" అని.

తర్వాత తెలుసుకున్నాను. ఈ పద్ధతి ముందు విమానాల వాళ్ళది. యుద్ధ విమానాలు గుంపుగా ఎగిరేటప్పుడు చనిపోయిన పైలట్ జాగా ఖాళీగా ఉంచుతారు. దాన్ని బైకులోళ్ళు కూడా తీసుకున్నారు. చాలా దేశాల్లో రైడర్ పోతే అంతిమయాత్రలో ఇట్లనే ఒక జాగా వదిలేస్తారట. మన దగ్గర మనిషి పోతే చౌరస్తాలో ఫ్లెక్సీ పెడతాం. ఫ్లెక్సీలో పోయినోడి ఫొటోకంటే పెట్టినోళ్ళ ఫొటోలే ఎక్కువ ఉంటాయి. వర్షానికి చినిగి మోరీలో పడేదాకా అట్లనే ఉంటది. ఆ ఖాళీలో మాత్రం ఎవరి ఫొటో లేదు.

ఇంకో సంగతి నాకు బాగా పట్టుకుంది. వీళ్ళు గుంపుగా పోయేటప్పుడు అందరికంటే వెనకాల ఒక బండి ఉంటది. దానికి పేరు ఉంది, స్వీప్ అంటారు. మంచిగా తోలడం వచ్చినోళ్ళనే ఆ పనికి పెడతారు. దాని పని ఒక్కటే. అందరికంటే నెమ్మదిగా పోయేవాడి వెనకాలే ఉండాలి, వాణ్ణి దాటి ముందుకు పోవద్దు. పంక్చర్ అయితే ఆగాలి, కింద పడితే ఆగాలి. చాయ్‌కి ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టాలి. ఆ రోజు స్వీప్ బండి ఒక అమ్మాయిది. బయలుదేరే ముందు ఆమె దగ్గర రెండు నిమిషాలు మాట్లాడాను.

"నువ్వు గూడ ఇంత పెద్ద బండి తోలుతవా బిడ్డా?" అన్నాను. అట్ల అడగొద్దని ఇప్పుడు అర్థమైంది. ఆమె ఏమనుకోలేదు. "సనా ఇక్బాల్ పేరు విన్నరా అంకుల్? మన హైదరాబాదే" అన్నది.

నేను వినలేదు. ఇంటికొచ్చి మావోణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని ఫోన్‌లో మొత్తం చదివించుకున్నాను. మీలో కూడా చాలామందికి తెలియకపోవచ్చు కాబట్టి రాస్తున్నాను. ఆమె మన హైదరాబాద్ ఆడబిడ్డ. 2015 చివర్లో బుల్లెట్ బండి మీద ఒక్కతే బయలుదేరి, 2016 దాకా దేశమంతా తిరిగింది. దాదాపు 38 వేల కిలోమీటర్లు. సరదాకు తిరగలేదు. ఊరూరా కాలేజీల్లో ఆగి పిల్లలతో ఒకటే మాట్లాడింది: ఆత్మహత్య దేనికీ జవాబు కాదు అని. ఎందుకు ఆ మాటే పట్టుకుంది అంటే, ఆమె కూడా ఒకప్పుడు డిప్రెషన్‌లో మునిగి, బతుకు చాలించుకుందామనే ఆలోచనతోనే బండి తీసుకొని పోయిందట. దారి పొడుగునా మనుషులు కలిసి, మాట్లాడి, మనసు మారి వెనక్కి వచ్చింది. ఈ సంగతి ఆమె తనే దాచుకోకుండా చెప్పుకున్నది.

2017 అక్టోబర్ 24న తెల్లవారుజామున నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు ప్రమాదంలో ఆమె చనిపోయింది. ఆ ప్రమాదం మీద కేసులు, అనుమానాలు నడిచాయి, వాటి జోలికి నేను పోను. నా మనసులో ఉండిపోయింది వేరే. ఔటర్ మీదికి టూవీలర్లను రానియ్యరు. రెండు చక్రాల మీద దేశమంతా చుట్టి వచ్చిన మనిషి, తన బండికి ప్రవేశమే లేని రోడ్డు మీద కారులో పోయింది. దేశంలో ఎక్కడెక్కడి రైడర్లో ఆమె కోసం ఏడ్చారు. అంతకుముందు ఏడాది, 2016 ఏప్రిల్‌లో, జైపూర్‌కు చెందిన వీణు పాలీవాల్ హార్లే బండి మీద దేశం తిరుగుతూ మధ్యప్రదేశ్‌లో ప్రమాదంలో పోయింది. ఏడాదిన్నర తేడాతో ఇద్దరు.

ఎల్బీనగర్‌లో ఆ అమ్మాయి ఇంకో మాట అన్నది. "సనా ఒక్కతే తిరిగింది అంకుల్, వెనకాల ఎవరూ లేరు. నేను స్వీప్ తోలినప్పుడల్లా ఆమె గుర్తొస్తది."

నాకు వెంటనే వేరే వాళ్ళు గుర్తొచ్చారు. మీకు కూడా వచ్చే ఉంటారు.

ఆ చౌరస్తాలోనే 2009 నవంబర్ 29న మన నల్లగొండ పిల్లగాడు శ్రీకాంతాచారి తెలంగాణ కోసం ఒళ్ళు తగలబెట్టుకున్నాడు. డిసెంబర్ 3న పోయాడు. నేను ఆ రోజుల్లో ఆయన కోసం జరిగిన ర్యాలీలో నడిచిన. జోహార్లు అన్నాం, పాటలు పాడినం. ఇప్పుడు నా కొడుకు ఆ చౌరస్తా దాటి చదువుకోవడానికి పోతున్నాడు, నేను తండ్రిగా ఆలోచిస్తే ఆ మంట పెట్టుకునే క్షణానికి ముందు ఎవరన్నా ఆ పిల్లగాని చెయ్యి పట్టుకొని ఉంటే అనిపిస్తుంది. ఇట్లంటే కొందరికి కోపం వస్తది. రానియ్యండి.

మన ఊళ్ళల్లో పురుగుల మందు డబ్బా దగ్గర ఎంతమందిని పోగొట్టుకున్నాం? లెక్కలు నేను రాయను, మీ ఊరి లెక్క మీకు తెలుసు. నాకు నలుగురు తెలుసు. నలుగురిలో ఇద్దరు పోవడానికి ముందు పది పదిహేను రోజులు ఊళ్ళో కనపడలేదు. చాయ్ దగ్గరికి రాలేదు, సంఘం మీటింగ్‌కు రాలేదు, ఫోన్ ఎత్తలేదు. పత్తి ఏరే సీజన్, ఎవరి పని వాళ్ళది. పోయినాక అందరం వెళ్ళాం. పాడె మోసాం. పెద్దకర్మ రోజు భోజనం చేసి, "మంచోడు, చెప్పుకోలేకపోయిండు" అనుకుంటూ వచ్చాం. వాళ్ళు చెప్పుకోలేకపోలేదు. కనపడకుండా పోయి చెప్పారు. వెనకాల నుంచి తలలు లెక్కపెట్టేటోడు మనలో ఎవరూ లేరు, గంతే.

ముప్పై మంది పట్నం పిల్లలు పెట్రోలు కాల్చుకుంటూ తిరిగే గుంపులో ఉన్న పద్ధతి, రెండు వందల గడప ఉన్న ఊళ్ళో లేదు. నాకు సిగ్గనిపించింది.

దిల్‌సుఖ్‌నగర్ సంగతి కూడా కొంచెం చెప్తాను. హాస్టల్‌కు పోయేసరికి ఆరు దాటింది. మావోని రూమ్‌లో నలుగురు. అందులో ఒకడు అప్పుడే వచ్చి పడుకున్నాడు. రాత్రంతా బైక్ ట్యాక్సీ తోలుతాడట, పగలు క్లాసు. మహబూబ్‌నగర్ వైపు పిల్లగాడు, తండ్రి కౌలు రైతు. ఫీజు కోసం తోలుతున్నాడు. ఆ గల్లీలో రాత్రి పూట కనపడే రంగురంగుల డెలివరీ టీషర్టుల్లో సగం మంది మన పిల్లలే అని మావోడు అన్నాడు. వాళ్ళు కూడా రైడర్లే కదా. పోతే వాళ్ళకు ఖాళీ జాగా ఎవరు వదులుతారు? 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఒక ఫుడ్ డెలివరీ కుర్రాడు కుక్క తరమడంతో మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. వాళ్ళ యూనియన్ వాళ్ళు ఊరుకోలేదు, అడుగుతూనే ఉన్నారు. ఆ ఏడాది డిసెంబర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నాంపల్లిలో గిగ్ వర్కర్లతో మీటింగ్ పెట్టి 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించారు. మన రైతుబీమా కూడా 2018 నుంచి అదే 5 లక్షలు. ఏడ్చి ఊరుకోకుండా అడిగితేనే ఏదన్నా కదులుతుంది అని నాకు అర్థమైంది. అయితే ఆ బస్తా మోసిన తండ్రికి పట్టా లేదు కాబట్టి రైతుబీమా రాదు. కౌలు రైతు సంగతి ఇంకో రోజు రాస్తాను.

బీమా మాట వచ్చింది కాబట్టి ఇది మాత్రం అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోండి. బండి ఇన్సూరెన్స్‌లో ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా అని ఒకటి ఉంటుంది. 2018లో దాన్ని లక్ష నుంచి 15 లక్షలకు పెంచారు. బండి నీ పేరు మీద ఉండి, లైసెన్స్ ఉండి, ఆ కవర్ ఉంటే, తోలుతూ ప్రమాదంలో పోతే ఇంటికి 15 లక్షలు రావాలి. వడ్ల కుప్పకు గుద్దుకున్నోడికి ఇదే దిక్కు, ఎందుకంటే ఎదుటి బండి లేదు, ఎదుటి బండి ఇన్సూరెన్స్ లేదు. ఎల్బీనగర్‌లో ఆ పిల్లగాని ఇంటివాళ్ళకు ఈ కాగితాలన్నీ రైడర్లే దగ్గరుండి చేయిస్తున్నారట. తండ్రికి చదువు రాదట. నెల నుంచి ఆఫీసు చుట్టూ తిరుగుతున్నది వాళ్ళే. మరి మన ఊళ్ళో చూడండి. సెకండ్ హ్యాండ్ బండి కొంటాం, పేరు మార్పించం. ఇన్సూరెన్స్ కొన్న ఏడాదితో సరి. లైసెన్స్ పిల్లలకు తీయిస్తాం, మనకు ఉండదు. గుర్తు తెలియని బండి గుద్ది పోతే కూడా చనిపోయిన మనిషి కుటుంబానికి 2 లక్షలు, గట్టి దెబ్బలకు 50 వేలు ఇచ్చే స్కీం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. ఎంతమంది దరఖాస్తు పెట్టారు మన దాంట్లో?

ఇంకొకటి. రోడ్డు మీద పడ్డ మనిషిని దవాఖానకు తీసుకపోతే మనకే కేసు చుట్టుకుంటది అనే భయం ఇంకా పోలేదు. 2019లో చట్టం మార్చారు. సాయం చేసినోని మీద కేసు పెట్టొద్దు, పేరు చెప్పమని బలవంతం చెయ్యొద్దు. ఆ 108 అంబులెన్స్ పుట్టింది కూడా మన హైదరాబాద్‌లోనే, 2005 ఆగస్టు 15న. ఆ పిల్లగాడు కుప్ప దగ్గర పడ్డ రాత్రి మొదట చూసినోడు ఆగలేదట. రెండో మనిషి ఆగి ఫోన్ చేశాడట. ఆగిన మనిషి కూడా రైతే, ట్రాక్టర్ మీద పోతున్నాడు. ఆ సంగతి కూడా వాళ్ళు నాకు చెప్పారు, మర్చిపోకుండా.

ఇగ నేను ఏం చేసినానో చెప్తాను. గొప్ప కోసం కాదు, సగమే అయింది కాబట్టి.

వస్తూ వస్తూ ఎల్బీనగర్‌లో ఆటో సామాన్ల కొట్టులో వెలుగు పడితే మెరిసే ఎరుపు పసుపు టేపు కొన్నాను. ఇంటికి వచ్చేసరికి పదకొండు, వడ్లు తిరగెయ్యడం ఆలస్యమైంది, ఇంట్ల తిట్లు పడ్డాయి. సాయంత్రం ఐదుకు పక్క పొలం ఇద్దరిని పిలిచి, నా వడ్లు మొత్తం బస్తాలకు ఎత్తి అరుగు మీద వేశాం. మూడు గంటలు పట్టింది. నడుము పోయింది. రాళ్ళన్నీ ఏరి కాలవ గట్టు మీద పోశాను. తెల్లారి వాళ్ళిద్దరి వడ్లకు నేను పోయాను. ముగ్గురం ఒప్పందం చేసుకున్నాం, పొద్దుమూకినాక రోడ్డు మీద గింజ ఉండొద్దు. మిగతావాళ్ళను అడిగితే నలుగురు ఒప్పుకున్నారు. ఒకాయన మాత్రం, "నువ్వు పట్నం పోయి మంత్రం వేయించుకొని వచ్చినవ్, నా కూలి నువ్విస్తవా" అన్నాడు. ఆయనది పెద్ద కుప్ప, ఇంట్లో మగదిక్కు ఆయనొక్కడే. కోపం వచ్చింది కానీ, ఆయన అన్నదాంట్లో కూడా న్యాయం ఉంది. ఆయన కుప్పకు రెండు దిక్కులా కర్రలు పాతి టేపు చుట్టాను. నల్ల పట్టా మీద పాత తెల్ల యూరియా సంచులు కప్పాను. ఇది పరిష్కారం కాదు, నాకు తెలుసు. కనీసం దూరం నుంచి కనపడుతుంది. పత్తి లోడుతో పోయే ట్రాక్టర్ ట్రాలీలకు కూడా వెనక లైట్లు ఉండవు కదా, ఊళ్ళో నాలుగు ట్రాలీలకు టేపు అంటించాను.

కల్లాల కోసం గ్రామసభలో తీర్మానం పెట్టమని కాగితం రాస్తున్నాం. అప్పటిదాకా స్కూల్ గ్రౌండ్, ఫంక్షన్ హాల్ ముందు జాగా వాడుకోవచ్చా అని అడుగుతున్నాం. స్కూల్ వాళ్ళు సెలవు రోజుల్లో సరే అన్నారు.

రెండో పని ఇంకా మొదలే కాలేదు. మా ఊరి వాట్సాప్ గ్రూపులో అందరి పేర్లు రాసి, పది ఇండ్లకు ఒకరు చొప్పున వెనక బండి లెక్క ఉందామని అడిగాను. వారం రోజులు ఎవరన్నా కనపడకపోతే ఇంటికి పోవాలి. అప్పు అడగడానికి కాదు, బాకీ అడగడానికి కాదు, ఊరికే కూర్చొని చాయ్ తాగి రావాలి. గుండె బరువెక్కినోళ్ళు మాట్లాడుకోవడానికి 14416 అని ప్రభుత్వం నంబర్ ఉంది, టెలి మానస్ అంటారు, పైసలు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబర్ కూడా గ్రూపులో పెట్టాను. ముగ్గురు దండం బొమ్మ పెట్టారు, ఒకాయన గుడ్ మార్నింగ్ అని పువ్వు బొమ్మ పెట్టాడు. అయితే నిన్న సాయంత్రం ఆ కూలి అడిగిన పెద్దమనిషే మా ఇంటికొచ్చి, ఫలానాయన నాలుగు రోజుల నుంచి బయటికి వస్తలేడు, పోదాం పా అన్నాడు. ఇద్దరం పోయాం. జ్వరమట. గంటసేపు కూర్చొని వచ్చాం.

ఎల్బీనగర్ పిల్లలు వచ్చే ఆదివారం మళ్ళీ సాగర్ వైపు వస్తామన్నారు, ఆ కుప్ప ఉన్న ఊరిలో ఆగి ఊరివాళ్ళతో మాట్లాడతారట. లొల్లి పెట్టుకోవడానికి కాదని మరీ మరీ చెప్పారు. నన్ను కూడా రమ్మన్నారు. పోతున్నాను. ఆ ఊరి వాళ్ళు ఎవరన్నా ఈ పోస్టు చదువుతుంటే, ఆ వడ్లు మీవే అయితే, భయపడకండి, రండి. మీ పక్కన నేను నిలబడతాను. నావి కూడా ఆ రాత్రి రోడ్డు మీదే ఉండేవి.

టేపు ఇంకా రెండు మూడు మీటర్లు మిగిలింది. మా చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకు ట్రాలీకి కావాలంటే ఇంటికి రండి, పొద్దుమూకేలోపు రండి, తర్వాత వడ్లు ఎత్తే పనిలో ఉంటాను.